విండోస్ 10 గడువు అయిపోయింది: డబ్బు కట్టి పొడిగించుకోవాలా, సిస్టమ్‌లు మార్చాలా?

తెనాలి డీటీపీ
2025 నవంబరు 8, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఈమధ్య ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా. నాలుగు సిస్టమ్‌లున్నాయి. మూడింట్లో విండోస్ 10, ఆ మూడూ ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లవి. నాలుగోది విండోస్ 7, 32 బిట్. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకి వాడే అను ఫాంట్లు అందులోనే. దానికి నెట్ ఇవ్వను.

అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిందని స్క్రీన్ మీద నోటీసు వస్తోంది. మా సిస్టమ్‌లు చూసే కుర్రాడు మూడు దారులు చెప్పాడు. డబ్బు కట్టి ఏడాది పాటు అప్‌డేట్లు పొడిగించుకోవచ్చట. లేదా ఎవరో ఐదు వందలకి యాక్టివేషన్ కీ ఇస్తున్నారు, విండోస్ 11 ప్రో వేసేస్తానంటున్నాడు. అదీ కాదంటే మూడు సిస్టమ్‌లూ తీసేసి కొత్తవి కొనమన్నాడు.

ఒకసారి కొన్నదానికి మళ్లీ డబ్బెందుకు కట్టాలన్నది నాకు మింగుడు పడటం లేదు. కడితే కొత్తగా ఏమొస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతచింతకాయ
2025 నవంబరు 8, ఉదయం 10:40

కొత్తగా ఏమీ రాదండీ. ఆ మాట మైక్రోసాఫ్టే చెప్పింది. కొత్త ఫీచర్లుండవు, సెక్యూరిటీ ప్యాచ్‌లే, అంటే భద్రతా లోపాలు మూసే అప్‌డేట్లు. అక్టోబరు 14న పనిచేసిన సిస్టమ్ 15న కూడా పనిచేసింది కదా! శుభలేఖ కంపోజింగుకి విండోస్ 11 దేనికి?

క్రోమ్ ఇంకా విండోస్ 10కి వస్తూనే ఉంది. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ జాబితాలు 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నారు, ఎడ్జ్ బ్రౌజరు కూడా కనీసం అప్పటిదాకా. బ్రౌజరు తాజాగా పెట్టుకోండి, కనబడిన లింకల్లా నొక్కకండి. పైసా కట్టొద్దు.

సర్వర్ గది
2025 నవంబరు 8, ఉదయం 11:25

కట్టాలా వద్దా అన్నది తర్వాత. ముందు వాళ్లు అమ్ముతున్నదేమిటో చూద్దాం, దీని మీద సగం సగం సమాచారం చాలా తిరుగుతోంది.

దీని పేరు ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్). ఇళ్లలో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబరు 13 వరకూ సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. ధర 30 డాలర్లు, లేదా దానికి సమానమైన మన డబ్బు. ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా మీద ఒక లైసెన్సు తీసుకుంటే పది సిస్టమ్‌ల దాకా వాడుకోవచ్చు, ఈ ముక్క చాలామందికి తెలియదు. డబ్బే కట్టనక్కర్లేని దారులు కూడా ఉన్నాయి. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగులు మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌కి సింక్ చేస్తే ఉచితం. లేదంటే వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు ఇచ్చినా సరిపోతుంది. ఐరోపా ఆర్థిక మండలి దేశాల్లో ఆ సింక్ షరతు కూడా లేకుండానే ఇచ్చారు. సిస్టమ్‌లో 22హెచ్2 వెర్షన్ మాత్రం ఉండి తీరాలి.

ఇక పాతచింతకాయ గారి మాటకొస్తే, బ్రౌజరు తాజాగా ఉంటే చాలన్నది ఇంట్లో యూట్యూబ్ చూసేవాళ్లకి కొంతవరకు సరిపోతుందేమో. షాపు సంగతి వేరు. అక్కడికి ప్రమాదం బ్రౌజరు లోంచే రానక్కర్లేదు. రోజంతా ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు, వాట్సాప్ వెబ్‌లో ఎవరెవరివో పీడీఎఫ్‌లు దించుతారు, నాలుగు సిస్టమ్‌ల మధ్య ప్రింటర్ షేర్ చేస్తారు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని పెద్ద లోపం బయటపడింది, గుర్తుందా? అది ప్రింట్ స్పూలర్‌లోది, అంటే ప్రింట్లని వరసలో పెట్టి పంపే విండోస్ భాగంలోది. దాన్ని క్రోమ్ ఎలా కాపాడుతుంది? డిఫెండర్ తెలిసిన వైరస్‌ని పట్టుకుంటుందేమో గానీ విండోస్ లోపలి కన్నాన్ని మూయదు. ఆ పని ప్యాచ్ ఒక్కటే చేస్తుంది.

పాతచింతకాయ
2025 నవంబరు 8, ఉదయం 11:41

ఉచితమన్నారు, బానే ఉంది. నా సెట్టింగులన్నీ వాళ్ల సర్వర్‌కి ఇస్తే ఉచితం. ముందు ఖాతా తెరవమంటారు, తర్వాత వన్‌డ్రైవ్ 5 జీబీ నిండిందంటారు, ఆపైన నెలనెలా కట్టమంటారు. నాకైతే 30 డాలర్లే చౌక అనిపిస్తోంది. 😀

సర్వర్ గది
2025 నవంబరు 8, ఉదయం 11:48

ఇందులో మీతో ఏకీభవిస్తాను. కాకపోతే డబ్బు కట్టినా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పదు. లైసెన్సు దానికే ముడిపెట్టారు.

లెక్కల పద్దు
2025 నవంబరు 8, మధ్యాహ్నం 1:05

ఒక సంగతి వదిలేశారు. ఆ 30 డాలర్ల పథకం వ్యక్తిగత వాడకానికి. వ్యాపార అవసరాలకు కాదని షరతుల్లోనే ఉంది. తెనాలి వారిది షాపు. సాంకేతికంగా ఆ బటన్ నొక్కితే పనిచేస్తుందేమో, లైసెన్సు ప్రకారం మాత్రం మీకు వర్తించేది వ్యాపార ధర.

ఒక్కో సిస్టమ్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు. రెండో ఏడాదికి రెట్టింపు, 122. మూడో ఏడాది మళ్లీ రెట్టింపు, 244. మధ్యలో చేరినా వెనకటి ఏడాదిది కూడా కట్టాలి. మూడేళ్లకి సిస్టమ్‌కి 427 డాలర్లు, మూడు సిస్టమ్‌లకి 1,281. ఇలా రెట్టింపు చేస్తూ పోవడంలోనే వాళ్ల ఉద్దేశం కనిపిస్తోంది. మీరు ఉండిపోవాలని కాదు, వెళ్లిపోవాలని పెట్టిన ధర అది.

బడులకైతే మొదటి ఏడాది 1 డాలరు, తర్వాత 2, ఆ తర్వాత 4. సరుకు అదే, ప్యాచ్‌లూ అవే. అంటే ధరకీ వాళ్ల ఖర్చుకీ సంబంధం లేదు, ఎవరు ఎంత కట్టగలరో చూసి పెట్టింది.

ఇప్పుడు రెండో వైపు. కంప్యూటర్ల మీద ఆదాయపు పన్నులో తరుగుదల 40 శాతం. మార్చిలోగా కొని వాడకంలో పెడితే ఈ ఆర్థిక సంవత్సరానికి అందులో సగం వస్తుంది, ఎందుకంటే మార్చి ఆఖరుకి వాడకం 180 రోజులు పూర్తి కాదు. జీఎస్టీ 18 శాతం. మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారుల జీఎస్టీ పథకం) కాకుండా మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉంటే అదీ ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి వస్తుంది. అంచేత కొత్త సిస్టమ్ ధరని బోర్డు మీద చూసి బెదరక్కర్లేదు.

ఓరుగల్లు బైట్స్
2025 నవంబరు 8, మధ్యాహ్నం 2:30

గింత లెక్క ఎందుకన్నా? రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ తోని పెన్‌డ్రైవ్ చెయ్యి, టీపీఎం (గదే, విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) చెకింగ్ తీసెయ్యి అని టిక్ కొట్టు, ఆరో తరం మీద 11 మంచిగ ఎక్కుతది. మా దోస్తు నెట్ సెంటర్ల అన్ని సిస్టమ్‌లు గట్లనే చేసినం. ఏడాదిన్నర అయితుంది, ఒక్క లొల్లి లేదు. ఎస్‌ఎస్‌డీ ఏసినంక ఐ3 గూడ ఉరుకుతుంది.

పాత విండోస్ 10 లైసెన్సు అసలుదే అయితే 11 గూడ దాని మీదనే యాక్టివేట్ అయితది. ఐదు నూర్ల కీ గూడ అక్కర లేదు.

సర్వర్ గది
2025 నవంబరు 8, మధ్యాహ్నం 3:02

ఓరుగల్లు అన్న చెప్పింది పనిచేస్తుంది, కాదనను. నేనే ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ మీద అలాగే నడుపుతున్నాను. అయితే ఒక షాపు దాని మీద ఆధారపడేముందు కొన్ని సంగతులు తెలియాలి.

ఆరో తరం బోర్డుల్లో చాలావాటికి టీపీఎం 2.0 ఉంటుంది, బయోస్‌లో పీటీటీ అని ఆన్ చేయాలి, అంతే. అక్కడ అడ్డం టీపీఎం కాదు, విండోస్ 11కి పనికొస్తాయని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ జాబితా. ఇంటెల్ ఎనిమిదో తరం, ఏఎండీ రైజెన్ 2000 నుంచి పైవే ఆ జాబితాలో ఉన్నాయి, కింద ఒకటి రెండు మినహాయింపులు తప్ప. జాబితాలో లేని సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇప్పటికైతే నెలవారీ ప్యాచ్‌లు వస్తున్నాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతటది రాదు, మళ్లీ పెన్‌డ్రైవ్ తీసి చేత్తో వేసుకోవాలి. ఆ పని ఎవరైనా గుర్తుపెట్టుకుని చేస్తారా? చేయకపోతే కొన్నాళ్లకి ఆ వెర్షన్ గడువూ అయిపోయి మొదటికొస్తుంది కథ.

ఇంకోటి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చినప్పుడు ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేని బాగా పాత ప్రాసెసర్లు అసలు బూట్ కాకుండా పోయాయి. ఆరో తరానికి ఆ బెడద లేదు. కానీ రేపు ఏ గీత గీస్తారో మన చేతిలో లేదు.

నిర్వాహకులు
2025 నవంబరు 8, సాయంత్రం 4:10

చౌక కీల అమ్మకం లింకులు పెట్టిన రెండు పోస్టులు తొలగించాం. ఈ వేదికలో కీలు అమ్మడం, అమ్మేవాళ్లని సూచించడం నిషిద్ధం.

లెక్కల పద్దు
2025 నవంబరు 8, సాయంత్రం 4:26

మంచి పని. తెనాలి గారూ, ఆ ఐదు వందల కీ గురించి ఒక ప్రశ్న వేసుకోండి. మైక్రోసాఫ్ట్ దగ్గర విండోస్ 11 హోమ్ 139 డాలర్లు, ప్రో 199.99. హోమ్ నుంచి ప్రోకి మారడానికే 99. అలాంటిది ఐదు వందల రూపాయలకి ఎలా ఇస్తున్నారు? ఏ కంపెనీకో, కాలేజీకో చాలా సిస్టమ్‌లకి కలిపి ఇచ్చిన వాల్యూమ్ కీని ముక్కలు చేసి అమ్ముతుంటారు. యాక్టివేట్ అవుతుంది నిజమే. అది కీ మాత్రమే, లైసెన్సు కాదు. ఆ కీని తర్వాత ఎప్పుడైనా అడ్డుకోవచ్చు. అమ్మినవాడు జీఎస్టీ బిల్లు ఇస్తాడా అని అడిగి చూడండి.

డల్లాస్ హైవే
2025 నవంబరు 8, రాత్రి 8:55

ఇక్కడ తెల్లారింది. చర్చ అంతా విండోస్ చుట్టూనే తిరుగుతోంది, ఆపిల్ వైపు నుంచి కూడా చూస్తే బాగుంటుంది. డబ్బు కట్టి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మార్చుకోవడం అన్నది ఎలా మొదలై ఎలా పోయిందో అక్కడ తేటగా కనిపిస్తుంది.

మ్యాక్ ఓఎస్ టెన్ 2001 మార్చిలో వచ్చింది, 129 డాలర్లు. 10.1 ఉచితంగా ఇచ్చారు, మొదటిది అంత నెమ్మదిగా ఉండేది మరి. ఆ తర్వాత జాగ్వార్, పాంథర్, టైగర్, లెపర్డ్, ప్రతిదానికీ మళ్లీ 129. అన్నీ కొన్నవాళ్లు ఏడేళ్లలో ఐదుసార్లు కట్టినట్టు. 2009లో స్నో లెపర్డ్ 29 డాలర్లకి ఇచ్చారు. తమాషా ఏమిటంటే, అందులో కొత్త ఫీచర్లు సున్నా అని ఆపిలే వేదికెక్కి చెప్పుకుంది. ఉన్నదాన్నే సరిచేసి, డిస్కులో చోటు తగ్గించి, వేగం పెంచి ఇచ్చారు. మ్యాక్ వాడే పాతవాళ్లని కదిపితే ఇప్పటికీ దాన్నే మెచ్చుకుంటారు. ఏ ఫీచరూ లేని అప్‌గ్రేడ్‌కి సంతోషంగా డబ్బు కట్టారు జనం!

2011లో లయన్ 29.99, 2012లో మౌంటెన్ లయన్ 19.99, 2013 అక్టోబరులో మావెరిక్స్ నుంచి ఉచితం. అక్కడితో ఆపిల్‌లో అమ్మకం ముగిసింది. ఉచితం అయ్యాక వచ్చిన మార్పు ఏమిటంటే, ఇప్పుడు ఓఎస్‌కి కాదు, మెషీన్‌కి కడుతున్నాం. ఈ ఏడాది వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిదని చెప్పేశారు. అది కూడా ఇంటెల్ మ్యాక్‌లలో నాలుగైదు మోడళ్లకే. 30 డాలర్లు ఇస్తాను, నా పాత ఇంటెల్ మ్యాక్‌బుక్‌కి ఇంకో ఏడాది ఇవ్వండి అంటే ఇచ్చేవాళ్లు లేరు. ఆ లెక్కన చూస్తే మైక్రోసాఫ్ట్ కనీసం అమ్ముతోంది కదా అనిపిస్తుంది నాకు.

పాతచింతకాయ
2025 నవంబరు 8, రాత్రి 9:20

అమ్ముతున్నారని సంతోషించాలా! గడువు పెట్టిందీ వాళ్లే, పొడిగింపు అమ్ముతున్నదీ వాళ్లే. విండోస్ 10 వచ్చిన 2015లో ఇదే ఆఖరి విండోస్ అన్నట్టు మాట్లాడింది ఆ కంపెనీ మనిషే. 7, 8.1 ఉన్నవాళ్లకి ఏడాది పాటు ఉచితమన్నారు, ఆ ఏడాది గడిచాక కూడా 2023 దాకా పాత కీలతో యాక్టివేట్ అవుతూనే ఉంది. అంటే అప్పుడు మన సిస్టమ్‌లోకి రావడం వాళ్లకి అవసరం. ఇప్పుడు అవసరం తీరింది.

లేఖిని అభిమాని
2025 నవంబరు 9, ఉదయం 7:15

ఓఎస్‌కి కట్టిన డబ్బు దండగని గంపగుత్తగా అనేయకండి. మన భాష విషయమే చూడండి.

విండోస్ 98లో తెలుగు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకీ ఒకటే అయిన అక్షరాల కోడు) పేజీ తెరిస్తే డబ్బాలే డబ్బాలు. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు అందులో గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉన్నాయి. అవీ ముందే కనబడేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ దగ్గర టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ వెయ్యమంటే వేసి, రీస్టార్ట్ చేస్తే అప్పుడు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చునేవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఆ తర్వాత బ్లాగులు. అప్పట్లో తెలుగులో రాసినవాళ్లం చాలామందిమి ఆ టిక్ పెట్టినవాళ్లమే. విండోస్ 7లో వాణి, 8లో నిర్మలా ఫాంట్లు వచ్చాయి, చిన్న సైజులో చదవడానికి గౌతమి కంటే చాలా నయం.

ఎక్స్‌పీకి అమెరికాలో అప్‌గ్రేడ్ ధర 99 డాలర్లు. ఆ డబ్బుకి ఒక భాష వచ్చింది. పదికీ పదకొండుకీ మధ్య తెలుగు చదివేవాడికి, రాసేవాడికి ఏం తేడా వచ్చిందంటే నేను చెప్పలేను. కనక డబ్బు కట్టొచ్చా అన్న ప్రశ్నకి ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి అని ఎదురు ప్రశ్న వెయ్యాలి.

స్వేచ్ఛాజీవి
2025 నవంబరు 9, ఉదయం 8:30

ఇన్ని పోస్టులైనా, విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ అన్న మాట ఎవరి నోటా రాలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

ఆరో తరం ఐ5 మీద లైనక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. డబ్బు లేదు, ఖాతా లేదు, ప్రాసెసర్ జాబితా లేదు. లైనక్స్‌లోనే ఇంకో రకం ఉబుంటు, దాని ఎల్‌టీఎస్ వెర్షన్ అయితే ఐదేళ్లు సపోర్టు ఎటూ వస్తుంది, ఉబుంటు ప్రో తీసుకుంటే పదేళ్లు. వ్యక్తిగతంగా ఐదు మెషీన్ల దాకా అదీ ఉచితమే. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు లైనక్స్ మీదే చెబుతున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులోనే ఓఎస్ చేసి చూపించారు. మనవాళ్లకి విండోస్ తప్ప వేరేది ఉందని ఎవరూ చెప్పరు, అదే గొడవ.

సేవాకేంద్రం
2025 నవంబరు 9, ఉదయం 9:44

> స్వేచ్ఛాజీవి: డబ్బు లేదు, ఖాతా లేదు, ప్రాసెసర్ జాబితా లేదు.

పనీ లేదు అని కూడా కలపండి సార్. 🙂

కోపం తెచ్చుకోకండి, నేను లైనక్స్ వద్దనే మనిషిని కాదు. మా కేంద్రంలో వేలిముద్ర పరికరం ఉంది. అది పనిచేయడానికి కావలసిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్‌ని కంపెనీవాళ్లు విండోస్‌కే ఇచ్చారు. ఆడిటర్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చితే డ్రైవరు కావాలి, సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. కస్టమర్ ముందు కూర్చుని ఉంటాడు, వెనక పది మంది వరస. అప్పుడు టెర్మినల్ తెరిచి సమస్య వెతుక్కునే తీరిక ఎవరికుంది? ఒక్క పూట కౌంటర్ ఆగితే పోయే డబ్బు ముందు ఆ 61 డాలర్లు లెక్కలోకి రావు.

స్వేచ్ఛాజీవి
2025 నవంబరు 9, ఉదయం 10:05

వేలిముద్రల సిస్టమ్ ఒక్కటి విండోస్‌లో ఉంచండి. జిరాక్స్ కౌంటర్‌కి, పీడీఎఫ్ ప్రింట్లకి, ఫారాలు నింపడానికి లైనక్స్ చాలదా? అన్నీ ఒకటే ఉండాలని ఎవరన్నారు?

సేవాకేంద్రం
2025 నవంబరు 9, ఉదయం 10:11

ఇది ఒప్పుకుంటా. ప్రింటర్ డ్రైవరు దొరికితే.

సర్వర్ గది
2025 నవంబరు 9, మధ్యాహ్నం 12:20

ప్యాచ్‌ల విలువ గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి వాన్నాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగిన వైరస్) సంగతి చెప్పకుండా ఉండలేను. చాలామంది దాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నారు.

2017 మే 12న అది ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. పాత ఎక్స్‌పీ వాడినవాళ్లకే దెబ్బ తగిలిందని అప్పట్లో ప్రచారం. తీరా చూస్తే దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7. అప్పటికి 7కి సపోర్టు ఉంది, ఆ కన్నాన్ని మూసే ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలో, ఉచితంగా వచ్చింది. వేసుకోలేదు, అంతే. సపోర్టు లేని ఎక్స్‌పీకి సైతం దాడి మొదలైన మర్నాటికల్లా మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా ప్యాచ్ ఇచ్చింది.

దీన్నిబట్టి పాతచింతకాయ గారు ఒకటి అనొచ్చు: డబ్బు కట్టిన వాడికీ, కట్టని వాడికీ తేడా లేదని. నేననేది, కట్టినంత మాత్రాన ఏమీ ఒరగదని. బ్రిటన్ ప్రభుత్వం 2014లో ఎక్స్‌పీ పొడిగింపుకి 55 లక్షల పౌండ్ల పైచిలుకు కట్టింది, ఒక్క ఏడాదికి. మారడానికి ఏడాది దొరికింది. మరుసటి ఏడాది ఒప్పందం పొడిగించలేదు. 2017లో వాన్నాక్రై వచ్చినప్పుడు వాళ్ల ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది.

తెనాలి గారూ, కట్టండి, కట్టకపోండి. వచ్చే అక్టోబరుకి ఏ సిస్టమ్ ఎక్కడ ఉండాలో ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే ఆ 61 డాలర్లు పోయినట్టే. ప్యాచ్‌లు వచ్చినప్పుడు రీస్టార్ట్ చేసే అలవాటు లేకపోతే ఈరోజే పోయినట్టు.

ఓరుగల్లు బైట్స్
2025 నవంబరు 9, మధ్యాహ్నం 12:34

ఇది మాత్రం కరెక్టన్నా. అప్‌డేట్ అని వస్తే "తర్వాత" అని కొట్టేటోళ్లే మా దగ్గర అందరు.

తెనాలి డీటీపీ
2025 నవంబరు 9, రాత్రి 9:02

ఇంతమంది ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్ అండీ. ఐదు వందల కీ వద్దని మా కుర్రాడికి చెప్పేశాను.

లెక్కల పద్దు గారి లెక్క నాకు బాగా ఎక్కింది. మూడేళ్లు కట్టే డబ్బుకి మూడు సిస్టమ్‌లూ మార్చుకోవచ్చని అర్థమైంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన ఎనిమిదో తరం, తొమ్మిదో తరం సిస్టమ్‌లు బిల్లుతో దొరుకుతాయా? వాటికి విండోస్ 11 లైసెన్సు ఉంటుందా?

మరి నా అసలు దిగులు నాలుగోది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్ 11లో ఎక్కుతాయా? పాతికేళ్ల శుభలేఖల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. తండ్రి పెళ్లికి కార్డు వేసి, ఇప్పుడు కొడుకు పెళ్లికి అదే డిజైన్ అడిగినవాళ్లున్నారు.

లేఖిని అభిమాని
2025 నవంబరు 9, రాత్రి 9:50

మొదటి పోస్టులో మీరు "దానికి నెట్ ఇవ్వను" అని రాశారు చూడండి, అక్కడే అనుకున్నాను మీ సమస్య విండోస్ కాదని. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు, ఇన్‌డిజైన్‌కి మారమంది. మీ ఫైళ్లు యూనికోడ్‌లో లేవు, అను ఎన్‌కోడింగులో ఉన్నాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి.

విండోస్ 11 అసలు 32 బిట్‌లో రాదు, 64 బిట్ ఒక్కటే. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామే కాబట్టి తంటాలు పడితే కొందరికి నడుస్తోంది. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది ఉంటుంది, అది 64 బిట్ విండోస్‌లో అసలు కదలదు. మీకు నిజంగా ఖర్చయ్యేది విండోస్‌కి కాదు, పేజ్‌మేకర్ నుంచి బయటపడటానికి. ఇన్‌డిజైన్‌కి నెలనెలా చందా కట్టాలి. అది ఈఎస్‌యూ కంటే చాలా ఎక్కువ.

డల్లాస్ హైవే
2025 నవంబరు 9, రాత్రి 10:15

ఇదే కథ మ్యాక్‌లో రెండుసార్లు జరిగింది. పాత పవర్‌పీసీ ప్రాసెసర్ల కోసం రాసినవాటిని నడిపించే రొజెట్టాని లయన్‌లో తీసేసినప్పుడు ఆ ప్రోగ్రాములన్నీ పోయాయి. 2019లో కేటలీనాతో 32 బిట్‌వి పోయాయి. ఓఎస్ ధర 29.99, ఆ తర్వాతైతే సున్నా. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్లు మళ్లీ కొనడానికి అయ్యింది వందల డాలర్లు. ఆ భయంతో స్నో లెపర్డ్ దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు.

సర్వర్ గది
2025 నవంబరు 9, రాత్రి 10:48

నాలుగోదాన్ని ఇప్పుడే కదపొద్దు. నెట్ లేకుండా ఉంది, అది చాలా మంచి పని. ఇంకొక్క జాగ్రత్త, పెన్‌డ్రైవ్‌లు కూడా మీవి రెండు విడిగా పెట్టుకుని వాటితోనే ఫైళ్లు అటూ ఇటూ తీసుకెళ్లండి. కస్టమర్‌వి అందులో గుచ్చొద్దు.

దాని హార్డ్ డిస్కు వయసెంత? విండోస్ కంటే ముందు అది పోతుందని నా భయం. డిస్క్2వీహెచ్‌డీ అని సిస్ఇంటర్నల్స్ వాళ్ల చిన్న సాధనం ఉంది, ఉచితం. దాంతో మొత్తం డిస్కుని ఒక ఫైలుగా తీసి, కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి అందులో నడిపి చూడండి. పాత విండోస్ 7 లైసెన్సు ఆ బోర్డుకే కట్టేసి ఉంటే మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది, అది చూసుకోవాలి. ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం) ఉందా? యూఎస్‌బీది అయితే వర్చువల్ మెషీన్‌కి అందించవచ్చు. పాత ప్రింటర్ పోర్టుది అయితే కష్టం.

మిగతా మూడింటికి: వాడిన సిస్టమ్ కొనేటప్పుడు లైసెన్సు మదర్‌బోర్డుతోనే వస్తుంది. అక్కడే ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని ఉండాలి. సంస్థ యాక్టివేషన్ సర్వీసు అని కనబడితే వద్దనండి.

ఓరుగల్లు బైట్స్
2025 నవంబరు 9, రాత్రి 11:05

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల ఇసొంటి సిస్టమ్‌లు మస్తుగ దొరుకుతయ్. జీఎస్టీ బిల్లు ఇచ్చే దుకాణంలనే తీస్కో అన్నా. మూడు ఒక్కపాలి తీస్కుంటే తగ్గిస్తరు.

పాతచింతకాయ
2025 నవంబరు 10, ఉదయం 6:58

తీసేసే మూడు ఆరో తరాలూ ఏం చేస్తారు? బాగా నడిచే సిస్టమ్‌లు, ఒక జాబితాలో పేరు లేదని చెత్తలోకి. దీనికి మీ ఆడిటరు గారి తరుగుదలలో ఏ శాతం రాస్తారో అడగండి.

స్వేచ్ఛాజీవి
2025 నవంబరు 10, ఉదయం 8:12

నాకివ్వండి! నిజంగానే. గుంటూరులో ఉంటాను. మింట్ వేసి ఏదైనా బడికి ఇప్పిస్తాను.

తెనాలి డీటీపీ
2025 నవంబరు 10, మధ్యాహ్నం 1:37

స్వేచ్ఛాజీవి గారూ, రెండు ఇస్తాను. మూడోదాంట్లో మింట్ వేసి మా జిరాక్స్ కౌంటర్లో పెట్టి చూస్తాను, మీరే వచ్చి వెయ్యాలి. ప్రింటర్ రాకపోతే అదీ మీకే.

సంక్రాంతి తర్వాత ముహూర్తాల గిరాకీ మొదలవుతుంది, ఈలోగా రెండు సిస్టమ్‌లు మార్చేస్తాను. డిస్కు ఫైలుగా తీసే పని ఈ ఆదివారమే. డాంగిల్ యూఎస్‌బీదే అండీ, ఇప్పుడే వెనక్కి వంగి చూశాను.

సర్వర్ గది
2025 నవంబరు 10, మధ్యాహ్నం 1:52

అయితే సగం పని అయినట్టే. ఆ ఫైలుని మాత్రం అదే డిస్కులో సేవ్ చేయకండి, బయటి హార్డ్ డిస్కు పెట్టుకోండి. వర్చువల్‌బాక్స్‌లో బూట్ కాకపోతే ఇక్కడే స్క్రీన్ ఫొటో పెట్టండి, చూద్దాం.